ఇంటికి మొదటి వెల్డింగ్ మిషన్ కొనేముందు వెనకాల ప్లేటు చదవండి

గేటు మడతబందు ఊడిందనో, మొక్కల కుండీలకు స్టాండు చేసుకుందామనో, ప్రతి చిన్న అతుక్కీ వెల్డర్ చుట్టూ తిరగలేకనో, మొత్తానికి సొంతంగా ఒక మిషన్ కొనుక్కుందామని మీకు అనిపించింది. మంచిదే. కానీ వెతకడం మొదలుపెట్టిన అరగంటకే బుర్ర తిరిగిపోతుంది. ఆర్క్, మిగ్, టిగ్, ఇన్వర్టర్, ఐజీబీటీ, 200, 250, 400 అంటూ ఒకదాన్ని మించి ఒకటి. డబ్బాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, ధరలు మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఇనప పనికి, నిజంగా 140 నుంచి 160 ఆంపియర్లు ఇవ్వగలిగే డీసీ ఇన్వర్టర్ ఆర్క్ మిషన్ (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలిక రకం, కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ కాదు) చాలామందికి సరిపోతుంది. ఆ 'నిజంగా' అన్న మాటలోనే ఉంది తిరకాసంతా. అది ఎలా తేల్చుకోవాలో, మీరు ఆ 'చాలామంది'లో ఉన్నారో లేదో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఏం అతికించబోతున్నారో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, వచ్చే ఏడాదిలో మీరు ఖాయంగా చేయబోయే పనులు ఐదో ఆరో రాయండి. "ఎప్పుడైనా కారు బాడీ కూడా బాగుచేస్తానేమో" లాంటి ఊహలు వద్దు. ఒక్కో పని పక్కన రెండే సంగతులు: ఏ లోహం, ఎంత మందం. మందం కంటితో చూసి చెప్పకండి, పైపు చివర వెర్నియర్ పెట్టి కొలవండి. మనం 2 మి.మీ. అనుకున్న స్క్వేర్ పైపు కొలిస్తే 1.2 తేలడం మామూలే. మిషన్ ఎంపిక సరిగ్గా ఆ తేడా దగ్గరే మారిపోతుంది.

ఎందుకంటే రాడ్డు వెల్డింగ్ 2 మి.మీ. నుంచి పైకి హాయిగా సాగుతుంది. 1.5 దగ్గర చెయ్యి తిరిగినవాళ్లు లాగించేస్తారు, కొత్తవాళ్లకు చిల్లులు పడతాయి. 1 మి.మీ. రేకు మీద రాడ్డుతో మొదలుపెడితే అతకడం సంగతి అటుంచి, ఉన్న రేకు కాస్తా జల్లెడవుతుంది.

ఇక ఆంపియర్ల లెక్క. 2 మి.మీ. రాడ్డుకు 40–60, 2.5 మి.మీ. రాడ్డుకు 60–90, 3.15 రాడ్డుకు 90–130, 4 మి.మీ. రాడ్డుకు 140–190 ఆంపియర్లు సుమారుగా పడతాయి. కొట్లో 2.5ని 12 నంబర్ అనీ, 3.15ని 10 నంబర్ అనీ కూడా అంటారు, కంగారు పడకండి. ఇంటి పనుల్లో నూటికి తొంభై వంతులు ఈ రెండు రాడ్లతోనే అయిపోతాయి. 5, 6 మి.మీ. యాంగ్లర్ అయినా 3.15 రాడ్డుతో అతుకుతుంది, ఇంకా మందంగా ఉంటే అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసుకుని రెండు మూడు వరసలు వేస్తారు. అంటే 4 మి.మీ. రాడ్డు కోసమని పెద్ద మిషన్ కొనాల్సిన పని ఇంట్లో రాదు. 130 ఆంపియర్లు తడబడకుండా ఇస్తే చాలు, ఆ పైన కాస్త వెసులుబాటు.

2. పద్ధతి తేల్చుకోండి

ఆర్క్, అంటే రాడ్డు వెల్డింగ్ (రాడ్డుకూ ఇనుముకూ మధ్య లేచే కరెంటు మెరుపునూ ఆర్కే అంటారు). ఎంఎంఏ అని రాసి ఉన్నా, స్టిక్ అని రాసి ఉన్నా అదే. గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు, గాలి వీస్తున్నా ఆరుబయట పని సాగుతుంది, కాస్త తుప్పు, పాత రంగు ఉన్నా సర్దుకుంటుంది (శుభ్రం చేసి అతికితే ఎప్పుడూ మేలే అనుకోండి). రాడ్డు మీద పూత కాలి పొగై, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపలా కాస్తుంది. ఆ పూతే చల్లారాక చిట్టెంలా పైన పేరుకుంటుంది, సుత్తితో కొట్టి తీసేయాలి. ఈ పూత రాడ్డు స్వీడన్‌కు చెందిన ఆస్కార్ షెల్బర్గ్ అనే ఇంజినీరు పుణ్యం, ఆయన 1904లో పెట్టిన ఈసాబ్ కంపెనీ ఇప్పటికీ రాడ్లు అమ్ముతోంది. నేర్చుకోవడం మాత్రం కొంచెం కష్టం. మొదటి రోజంతా రాడ్డు అంటుకుపోతూనే ఉంటుంది, అందరికీ అంతే.

మిగ్‌లో తీగ దానంతటదే గన్‌లోంచి వస్తూ ఉంటుంది, మీరు మీట నొక్కి చెయ్యి నడిపిస్తే చాలు. పల్చటి రేకుకు దీన్ని మించింది లేదు, కొత్తవాళ్లకు ఒక్క పూటలో చెయ్యి కుదురుతుంది. కానీ సిలిండర్ కావాలి, దాన్ని నింపించుకునే చోటు దగ్గర్లో ఉండాలి, రెగ్యులేటర్ కొనాలి, ఆరుబయట కొద్దిపాటి గాలి వీచినా గ్యాస్ చెదిరి అతుకులో బుడగలు పడతాయి. సిలిండర్ వద్దనుకునేవాళ్లకు ఫ్లక్స్ కోర్ తీగ ఉంది, లోపల పొడి ఉంటుంది కాబట్టి అదే పొగ వదులుతుంది. దానికి చిందులు ఎక్కువ, తీగ ఖరీదూ ఎక్కువ. పైగా గ్యాస్ లేకుండా నడిచే ఈ తీగల్లో చాలావాటికి గన్‌ను మైనస్‌కు మార్చాలి, మామూలు తీగకైతే ప్లస్. లోపల ఆ మార్పు చేసుకునే వీలు లేని చౌక మిషన్లు ఉన్నాయి, కొనేముందు మూత తీయించి చూడండి.

టిగ్‌లో కరగని టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ వెలిగించి, అవసరమైతే తీగను రెండో చేత్తో అందిస్తారు. అతుకు అందంగా ఉంటుంది, పని అంతే కష్టంగానూ ఉంటుంది. స్టెయిన్‌లెస్‌కు డీసీ టిగ్, అల్యూమినియానికి ఏసీ టిగ్ కావాలి. ఏసీ ఉన్న టిగ్ మిషన్ ధర వింటే మీరే వెనక్కి తగ్గుతారు. మొదటి మిషన్‌గా నేనైతే వద్దంటాను.

కాబట్టి మీ కాగితం మీద ఎక్కువ పనులు 2 మి.మీ. పైన ఇనుమైతే ఆర్క్. సగానికి మించి 1.5 లోపు రేకులు, పల్చటి పైపులైతే మిగ్ వైపు చూడండి, ఆర్క్ మిషన్ కొని ఏడాది పాటు చిల్లులు పూడ్చుకుంటూ కూర్చోవద్దు. "మూడూ ఒకే డబ్బాలో" అనే మిషన్లు కూడా వస్తున్నాయి. మంచివి ఉన్నాయి కానీ చౌకవాటిలో మూడూ అరకొరే. వాటి మీద రాసిన టిగ్ చాలాసార్లు టంగ్‌స్టన్ మొనను లోహానికి తాకించి పైకెత్తి వెలిగించే లిఫ్ట్ టిగ్ మాత్రమే, దానికి టార్చి, ఆర్గాన్ సిలిండర్ విడిగా కొనాలి.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఒకటి తక్కువకు వస్తోంది, తీసుకోమంటారా అని చాలామంది అడుగుతారు. లోపల చెడిపోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, రాగి తీగ చుట్టలూ ఇనప పట్టీలే, దశాబ్దాలు నడుస్తుంది. కాకపోతే బరువు ఇద్దరు మోసేంత, కరెంటు ఎక్కువ లాగుతుంది, ఎక్కువ వాటిలో ఏసీనే వస్తుంది. కొన్ని రెండు ఫేజుల మీద నడిచేవి, ఇంటి సింగిల్ ఫేజుకు పనికిరావు. ఉచితంగా ఇస్తే తెచ్చుకోండి, డబ్బు పెట్టేటట్టయితే ఇన్వర్టరే కొనండి. ఐదారు కిలోల డబ్బాను భుజాన వేసుకుని మేడ మీదికి వెళ్లే సుఖం వేరు.

3. ఇంటి కరెంటు ఎంత మోయగలదో చూడండి

ఇది వదిలేసి మిషన్ కొనేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఎంసీబీ పడిపోతోందని మిషన్‌ను తిడతారు.

లెక్క కష్టమేం కాదు. ఆర్క్ వెలిగేటప్పుడు ఉండే వోల్టేజీని ఇలా లెక్కగడతారు: ఆంపియర్లను 0.04తో హెచ్చించి 20 కలపండి. 120 ఆంపియర్లకు 24.8 వోల్టులు. రెండూ హెచ్చిస్తే సుమారు 3 కిలోవాట్లు, అది రాడ్డు దగ్గరికి చేరేది. మిషన్‌లో వేడి కింద పోయేది, పవర్ ఫ్యాక్టర్ తక్కువ కావడం వల్ల అదనంగా లాగేది కలుపుకుంటే 230 వోల్టుల లైన్ మీద మామూలు ఇన్వర్టర్ 23 ఆంపియర్ల దాకా లాగుతుంది. 80 ఆంపియర్ల మీద, అంటే 2.5 రాడ్డుతో, 14 చుట్టుపక్కల. అదే 160 మీద పెడితే 33.

అంటే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు మీద 2.5 రాడ్డు నిశ్చింతగా కాలుతుంది. 3.15తో ఎంసీబీ వెంటనే పడిపోకపోవచ్చు, ఎందుకంటే కాస్త ఎక్కువ కరెంటుకు అది నిమిషాల కొద్దీ ఓర్చుకుంటుంది. కానీ ఆ ఓర్చుకునే సమయంలో సాకెట్ లోపలి పలకలు, గోడలో వైరు వేడెక్కుతూ ఉంటాయి. ఒక రాడ్డు కాల్చి, స్విచ్చి కట్టేసి, ప్లగ్గు తీసి పిన్నులు తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ పని ఆపండి. మీటరు బోర్డు దగ్గర్నుంచి 4 చదరపు మి.మీ. రాగి వైరుతో వేరే లైన్ లాగించి, దానికి తగ్గ ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించుకోండి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో కూడా అతనితోనే చూపించుకోండి. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి ఇంకొకటి. కంప్యూటర్‌కు పెట్టుకునే ఆ సన్న వైరు బాక్సును దీని దరిదాపుల్లోకి రానివ్వకండి. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు కనీసం, అదీ 20 మీటర్లు దాటకుండా. నేను కొత్తలో చుట్టే రీలు ఎక్స్‌టెన్షన్ ఒకటి వాడాను. కావలసింది ఐదు మీటర్లే కదా అని మిగతాదంతా రీలు మీదే ఉంచేసి మధ్యాహ్నం దాకా పని చేశాను. ఏదో కమురు వాసన వస్తే రంగు కాలుతోందేమో అనుకున్నాను. సాయంత్రం వైరు లాగబోతే రాలేదు, లోపలి చుట్లన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా తయారయ్యాయి. ఆ రోజు వెల్డింగ్ బాగా జరిగింది ఆ రీలు లోపలే. రీలు వాడితే మొత్తం విప్పి నేల మీద పరిచి వాడండి.

వోల్టేజీ బాగా పడిపోయే చోట ఉంటే ఎంత తక్కువ వోల్టేజీ దాకా నడుస్తుందో అడిగి మరీ తీసుకోండి. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే ఏర్పాటు) ఉన్న మిషన్లు ధర ఎక్కువైనా లైన్ మీద భారం తక్కువ వేస్తాయి, వోల్టేజీ ఊగిసలాటను బాగా తట్టుకుంటాయి. జనరేటర్ మీద నడపాలనుకుంటే ఇంకా జాగ్రత్త, చిన్న జనరేటర్లకు ఇది మోయలేని బరువు.

4. ప్లేటు చదవండి

అసలు విషయం ఇదే. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 200, 250, 400 అంకెలకు విలువ లేదు. అవి చాలాసార్లు మోడల్ పేరే, ఆంపియర్లు కావు. మీ కొలమానం మిషన్ వెనకో పక్కనో అంటించిన చిన్న పట్టిక. ఫోటోల్లో అది కనబడకపోతే అమ్మేవాణ్ణి అడగండి, పంపకపోతే ఆ మిషన్ వదిలేయండి.

పట్టికలో మూడు వరసలు చూడాలి. ఎక్స్ అని ఉన్నది డ్యూటీ సైకిల్. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా కాల్చవచ్చో అది చెబుతుంది, 60 శాతం అంటే ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి. పేరున్న ప్రమాణాల ప్రకారం దీన్ని 40 డిగ్రీల వేడిలో కొలవాలి. కొందరు 20, 25 డిగ్రీల దగ్గర కొలిచి గొప్పగా రాసుకుంటారు, ఎండాకాలం షెడ్డులో ఆ గొప్ప నిలవదు. దాని కింద ఐ2, అంటే ఆ డ్యూటీ సైకిల్‌కు వచ్చే వెల్డింగ్ కరెంటు. దాని కింద యూ2, ఆ కరెంటు దగ్గరి వోల్టేజీ.

ఒక మామూలు 160 మిషన్ ప్లేటు ఇలా ఉంటుందనుకోండి: ఎక్స్ వరసలో 25, 60, 100 శాతం. ఐ2 వరసలో 160, 103, 80. యూ2 వరసలో 26.4, 24.1, 23.2. ఇందాకటి సూత్రం ఇక్కడ పనికొస్తుంది. యూ2లోంచి 20 తీసేసి 0.04తో భాగించండి. 26.4 మైనస్ 20 అంటే 6.4, దాన్ని 0.04తో భాగిస్తే 160. సరిపోయింది, ప్లేటు అబద్ధం ఆడట్లేదు. డబ్బా మీద 250 అని ఉండి ప్లేటులో యూ2 24.8 అని ఉందనుకోండి, లెక్క వేస్తే 120 తేలుతుంది. అది 120 ఆంపియర్ల మిషన్ అని తయారు చేసినవాడే ఒప్పుకున్నట్టు.

డ్యూటీ సైకిల్ అంకెలను కూడా సరిచూడొచ్చు. 25 శాతం దగ్గర 160 వస్తే, 100 శాతం దగ్గర సగం రావాలి, 80. మధ్యలో 60 శాతానికి 103. ఇవి కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు. "200 ఆంపియర్లు, 100 శాతం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నచోట మాత్రం నమ్మకం పెట్టుకోకండి.

ఇంటి పనికి ఎంత డ్యూటీ సైకిల్ కావాలి? ఒక రాడ్డు కాలడానికి నిమిషం అటూఇటూ పడుతుంది. తర్వాత చిట్టెం కొట్టాలి, బ్రష్ వేయాలి, రాడ్డు మార్చాలి, ముక్క తిప్పి పట్టుకోవాలి, ఫోన్ మోగితే ఎత్తాలి. పది నిమిషాల్లో కొత్తవాళ్లు మూడు నాలుగు రాడ్లకు మించి కాల్చలేరు. కాబట్టి మీరు వాడే కరెంటు దగ్గర, అంటే 100–110 ఆంపియర్ల దగ్గర, 40 నుంచి 60 శాతం ఉంటే ఇక టెన్షన్ లేదు. గరిష్ఠం దగ్గర ఎంత శాతం అన్నది రెండో సంగతి.

ప్లేటు కింది భాగంలో ఐ1 మ్యాక్స్, ఐ1 ఎఫెక్టివ్ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది గోడ సాకెట్ నుంచి ఒక్కసారిగా లాగగలిగే గరిష్ఠ కరెంటు, రెండోది పనీ విశ్రాంతీ కలిపి చూస్తే వైరు మీద పడే అసలు భారం. పై మిషన్‌కు ఇవి 33, 16.5 ఉండొచ్చు. వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌కు ఈ రెండు అంకెలూ చూపించండి. అబద్ధాన్ని పట్టుకోవడానికి కూడా ఇదే దారి: 250 ఆంపియర్లు 30 వోల్టుల దగ్గర రావాలంటే ఏడున్నర కిలోవాట్లు బయటికి రావాలి, 16 ఆంపియర్ల ప్లగ్గు లోపలికి పంపగలిగేదే 3.7 కిలోవాట్లు. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది?

నా మొదటి మిషన్ అలాంటిదే, డబ్బా మీద దర్జాగా 250. 10 నంబర్ రాడ్డు పెట్టి నాబ్ చివరిదాకా తిప్పినా ఆర్క్ నీరసంగా, బీడ్ (అతుకు గీత) పైపైన పేరుకుని పురుగు పాకినట్టు ఉండేది. నా చేతిలోనే లోపం ఉందని నెల రోజులు అనుకున్నాను. ఒక పాత వెల్డర్ వచ్చి డీసీ కొలిచే టాంగ్ టెస్టర్ కేబుల్‌కు తగిలించి చూపిస్తే 105 దాటలేదు. కంపెనీ పేరు అనవసరం, అలాంటివి ఎన్నో ఉన్నాయి.

ఇంకా ఐపీ21ఎస్ అని కనిపిస్తుంది. వేలు లోపలికి పోదు, పైనుంచి నిలువుగా పడే చుక్కలను తట్టుకుంటుంది, అంతే దాని అర్థం. వర్షంలో వాడొచ్చని కాదు. చతురస్రంలో ఎస్ అక్షరం ఉంటే, తేమ, ఇరుకు వంటి షాక్ ప్రమాదం ఎక్కువ ఉన్న చోట కూడా వాడటానికి తగ్గట్టు తయారు చేశారని.

5. ఫీచర్లలో ఏవి కావాలి

హాట్ స్టార్ట్, యాంటీ స్టిక్ ఈ రెండూ ఉండాలి. మొదటిది రాడ్డు తాకించగానే క్షణం పాటు కరెంటు పెంచి వెలిగిస్తుంది, రెండోది రాడ్డు అంటుకుపోతే కరెంటు తగ్గించేస్తుంది, మీరు తిప్పి లాగేయొచ్చు. రాడ్డు మరీ దగ్గరైతే కరెంటు కాస్త పెంచి అంటుకోకుండా చూసే ఆర్క్ ఫోర్స్ ఉంటే మంచిదే. వీఆర్‌డీ ఉంటే ఖాళీగా ఉన్నప్పుడు హోల్డరు దగ్గర వోల్టేజీ బాగా తగ్గి ఉంటుంది, తడి నేల మీద అది రక్షణ, కాకపోతే రాడ్డు వెలిగించడం కాస్త మొండికేస్తుంది. డిజిటల్ డిస్‌ప్లే కంటికి ఇంపుగా ఉంటుంది కానీ చౌక మిషన్లలో అది చూపించే అంకె నాబ్ ఎక్కడుందో చెబుతుంది తప్ప ఎంత కరెంటు వస్తోందో చెప్పదు. లోపల కరెంటును స్విచ్చి చేసే భాగం ఐజీబీటీనా మాస్‌ఫెట్టా అని తల బద్దలు కొట్టుకోకండి. చెడిపోతే బాగుచేసే మనిషి మీకు దగ్గర్లో ఉన్నాడా, వారంటీలో మిషన్ ఎక్కడికి పంపాలి, ఇవి అడగండి.

6. కేబుల్, హోల్డరు, క్లాంపు

డబ్బాలో వచ్చే కేబుల్ మీటరున్నరో రెండో ఉంటుంది. అంటే మిషన్‌ను మీ పక్కనే నేల మీద పెట్టుకుని పని చేయాలి, మీ నిప్పురవ్వలన్నీ దాని మీద. మూడు నాలుగు మీటర్ల కేబుల్ అయితే మేలు. 160 ఆంపియర్ల మిషన్‌కు ఇంటి వాడకంలో 16 చదరపు మి.మీ. రాగి కేబుల్ చాలు, పొడవు పెంచితే 25 తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుళ్లు చాలా వస్తున్నాయి. తీగ పోగు ఒకటి చాకుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అదే. అది పనిచేయదని కాదు, త్వరగా వేడెక్కుతుంది.

ఎర్త్ క్లాంపు రేకు ముక్కలా తేలిగ్గా ఉంటే మొదటి వారంలోనే మార్చేయండి. ఆర్క్ తడబడుతోందని మిషన్‌ను అనుమానించే వాటిలో సగం క్లాంపు తప్పే. దాన్ని తుప్పు మీదో రంగు మీదో కాదు, గీకిన ఇనుము మీద, అతికే చోటికి వీలైనంత దగ్గరగా తగిలించండి. బేరింగులు ఉన్న వస్తువైతే కరెంటు వాటిలోంచి పోకుండా చూసుకోండి, పోతే బేరింగు పాడవుతుంది. బండికి వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ టెర్మినళ్లు విప్పాలి.

7. మిషన్ డబ్బుల్లోంచి కొంత పక్కన పెట్టండి

మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు దాకా మిషన్ కాని వాటికి పోతుంది. దీన్ని ముందే లెక్కలో వేసుకోకపోతే మంచి మిషన్ కొని, చేతిలో పట్టుకునే అద్దం పెట్టుకుని అవస్థ పడతారు.

హెల్మెట్ ఆటో డార్కెనింగ్ కొనండి, ఇందులో బేరం వద్దు. రాడ్డు ఎక్కడ ఆనిస్తున్నారో కనబడుతూ, ఆర్క్ వెలగగానే దానంతటదే నల్లబడుతుంది. కొత్తవాళ్లకు చెయ్యి త్వరగా కుదరడానికి మిషన్ కన్నా ఇదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. 9 నుంచి 13 దాకా షేడ్ మార్చుకునే వీలుండాలి, 2.5 రాడ్డుకు 10, 3.15కు 10 లేదా 11 చాలామందికి నప్పుతుంది. కళ్లజోడు వాడేవాళ్లు అది లోపల పట్టేదేనా పెట్టుకుని చూడండి. "ఒక్క చుక్కే కదా" అని కళ్లు మూసుకుని ట్యాక్ వేసేవాళ్లను చూస్తుంటాం. ఆ వెలుగు దెబ్బ అప్పటికప్పుడు తెలియదు, ఆరేడు గంటలు పోయాక అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. పక్కన నిలబడి చూసే పిల్లలకూ అదే జరుగుతుంది, వాళ్లను దూరంగా పంపాకే మొదలుపెట్టండి.

తోలు గ్లౌజులు, పొడుగు చేతుల కాటన్ చొక్కా, మూసి ఉండే తోలు బూట్లు. సింథటిక్ బట్టలు నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్, మాగ్నెట్ స్క్వేర్, రెండు సీ క్లాంపులు, 4 అంగుళాల గ్రైండరు. చిట్టెం కొట్టేటప్పుడు మామూలు సేఫ్టీ కళ్లద్దాలు వేరే ఉండాలి, వేడి చిట్టెం పెచ్చు సరిగ్గా కంటివైపే ఎగురుతుంది.

జీఐ పైపులు అతికేటట్టయితే పైనున్న జింకు పూతను అతుకు చుట్టూ గ్రైండ్ చేసి తీసేయండి. ఆ తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. తలుపులు తెరిచి, పొగ మొహం మీదికి రాకుండా కూర్చోండి. ముక్కలు తుడవడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రేలు వాడకండి, క్లోరిన్ ఉన్న రకాలు ఆర్క్ దగ్గర విషవాయువు అవుతాయి. మూత ఉన్న డ్రమ్ములు, పెట్రోలు ట్యాంకుల జోలికి, ఖాళీవైనా సరే, వెళ్లకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దగ్గరికి రావద్దు.

రాడ్ల విషయంలో మొదలుపెట్టడానికి 6013 తీసుకోండి. తేలిగ్గా వెలుగుతుంది, చిట్టెం సులువుగా ఊడుతుంది. 60 అంటే అతుకు చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు తట్టుకునే రకమని, 1 అంటే ఏ భంగిమలోనైనా కాల్చవచ్చని. 7018 ఇంకా గట్టిది, కానీ తేమ తగిలితే పనికిరాదు, ఇప్పుడే వద్దు. 2.5 ఒక ప్యాకెట్, 3.15 ఒక ప్యాకెట్, గాలి చొరని డబ్బాలో.

8. కొనేచోట కాల్చి చూడండి

కొట్లో కొంటుంటే 3.15 రాడ్డు, 5 మి.మీ. పలక అడిగి, 110 మీద పెట్టించి ఒక రాడ్డు మొత్తం కాల్పించండి. మీకు రాకపోతే వాళ్లనే కాల్చమనండి, మీరు చెవి పెట్టి వినండి. మంచి ఆర్క్ నూనెలో గింజలు వేగుతున్నట్టు ఒకే తీరుగా చిటపటలాడుతుంది. మధ్యమధ్య ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి ఆగి మోగితే, లేదా రాడ్డు సగంలో ఆరిపోతే, ఇంకొకటి చూపించమనండి. టాంగ్ టెస్టర్ ఉంటే కేబుల్‌కు తగిలించి డిస్‌ప్లేతో పోల్చండి. ఫ్యాన్ గాలి గట్టిగా వస్తోందా, కేబుల్ తగిలించే సాకెట్లు వదులుగా ఆడుతున్నాయా చూడండి.

ఆన్‌లైన్‌లో కొంటే ఇదే పరీక్ష ఇంటికొచ్చిన రోజే చేయండి. డబ్బా అటక మీద పెట్టి, వెనక్కి పంపే గడువు దాటాక తెరిచేవాళ్లు ఉన్నారు, నవ్వకండి, మనలోనే ఉన్నారు. మొదటి వారంలో కనీసం ఒక ప్యాకెట్ రాడ్లు కాల్చేస్తే, ఎలక్ట్రానిక్స్‌లో మొదటే తేలిపోయే లోపాలేమైనా ఉంటే బయటపడతాయి.

సెకండ్ హ్యాండ్ ఇన్వర్టర్ అయితే మూత తీయించి బోర్డు చూడండి. గ్రైండరు దుమ్ము ఇనప పొడే, ఫ్యాన్ దాన్ని లోపలికి లాక్కుంటుంది, బోర్డు మీద పేరుకుని షార్ట్ చేస్తుంది. ఇన్వర్టర్లను చంపేది ఎక్కువగా ఇదే. మీరు కొన్నాక కూడా గ్రైండింగ్ ఒక మూల, మిషన్ ఇంకో మూల.

9. మొదటి రోజు

చుట్టూ కాగితాలు, రంపపు పొట్టు, పెయింట్ డబ్బాలు తీసేయండి, రవ్వలు పది మీటర్ల దాకా దొర్లుతాయి. బకెట్ ఇసుకో, మంటలార్పే సిలిండరో దగ్గర ఉంచుకుని, పని అయ్యాక ఓ అరగంట అక్కడే ఉండండి.

5 మి.మీ. పలక ముక్కలు తుక్కులోంచి తెచ్చుకోండి. 2.5 రాడ్డు, 75 ఆంపియర్లు. అగ్గిపుల్ల గీసినట్టు గీయండి, పొడవకండి. వెలిగాక రాడ్డు చివరకూ పలకకూ మధ్య రాడ్డు మందమంత దూరం ఉంచి, పైభాగాన్ని మీరు సాగే దిక్కుకు కాస్త వాల్చి నెమ్మదిగా లాగండి. రాడ్డు కరిగి పొట్టిదవుతూ ఉంటుంది కాబట్టి చెయ్యి కిందికి దిగుతూనే ఉండాలి, కొత్తవాళ్లు మరిచిపోయేది ఇదే. వెలుగును కాదు, దాని వెనక నారింజ రంగులో కదిలే కరిగిన మడుగును చూడటం అలవాటు చేసుకోండి. పది రాడ్లు ఉత్తి పలక మీదే గీతలు గీయండి.

తర్వాత రెండు ముక్కలను తిరగేసిన టీ అక్షరంలా నిలబెట్టి ఒక్క పక్కనే అతికి, చల్లారాక వైస్‌లో బిగించి, అతుకు వేసిన వైపుకే వంగేలా సుత్తితో కొట్టండి. విరగకుండా వంగితే మీ చెయ్యీ మిషనూ రెండూ దారిలో ఉన్నట్టే. విరిగితే విరిగినచోట చూడండి. పలక అంచు కోసినప్పటి మెరుపుతో అలాగే కనిపిస్తోందా, కరిగిన ఇనుము దాన్ని పట్టుకోకుండా పైనే కూర్చుందన్నమాట. పది ఆంపియర్లు పెంచి ఇంకో రెండు ముక్కలు తీసుకోండి.